హారిక వణుకు

హారిక దినకార్యాల రోజున డాక్టర్ త్రినాథ్ మా ఇంటికి వచ్చారు. గాజువాకలో మా పరీక్షాశాలకి ఆయన అధిపతి. నాకూ, నా చెల్లెలు హారికకీ ఆయనే పై అధికారి. అమ్మ ఎదురుగా చాప మీద కూర్చుని, మజ్జిగ గ్లాసు అందుకున్నారు. తాగుతూ అన్నారు:

"తనకేమీ తెలిసుండదమ్మా. క్షణంలో అయిపోయి ఉంటుంది. బాధ లేకుండా వెళ్ళిపోయింది."

అమ్మ తల ఊపింది. ఆయనకి నమస్కారం కూడా పెట్టింది.

ఆ మాటతోనే నా ద్వేషం మొదలైంది. అంతకుముందు ఉన్నది దుఃఖం మాత్రమే. మనిషి చావుకి కారణమైనవాడిని ఏదో ఒకనాటికి క్షమించగలనేమో. చచ్చినవాళ్ళ తరఫున వాడే మాట్లాడితే క్షమించలేను. ఆమెకి ఏం తెలిసిందో, ఏం తెలియలేదో చెప్పే హక్కు ఆయనకి ఎక్కడిది? ఆయనకి తెలియాలి అనుకున్నాను. హారికకి తెలిసినదంతా, తెలిసినంతసేపూ, ఆయనకీ తెలియాలి.

మా పని వస్తువులని వణికించడం. యంత్రంతో ఊగే బల్లకి బిగించి, రోడ్డు మీద ఏళ్ళ తరబడి తినే కుదుపులన్నీ కొన్ని గంటల్లో తినిపించి, ఎక్కడ విరుగుతుందో చూస్తాం. ప్రతి వస్తువుకీ తనదైన ఒక ఊపు ఉంటుంది. బయటి ఊపు దానితో కలిసిందంటే ఆ వస్తువు తనంతట తానే రెచ్చిపోతుంది. కొత్త బస్సు ఒకదాని బ్రేకు గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ మా బల్ల మీద అలాగే రెచ్చిపోయి పగిలింది. పగిలితే తిప్పి పంపాలి. త్రినాథ్ గారు పంపలేదు. సరిగ్గా ఆ ఊపు దగ్గర మాత్రం బల్ల బలం తగ్గించి, కొత్త బ్రాకెట్‌తో మళ్ళీ పరీక్ష చెయ్యమన్నారు. దీన్ని మేం నాచ్ కొట్టడం అంటాం. సున్నితమైన వస్తువులకి తగిన కారణం ఉంటే చేసే పని అది. ఇక్కడ ఉన్న కారణం బస్సు కంపెనీ తొందర ఒక్కటే.

బ్రాకెట్ పాసైంది. బస్సుని అరకు ఘాట్ రోడ్డు మీద పరీక్షకి పంపారు. సీట్ల కుదుపు కొలవడానికి హారిక వెళ్ళింది. దిగేటప్పుడు బ్రాకెట్ విరిగింది. గొట్టం తెగింది. బస్సు లోయలో పడింది. డ్రైవర్ బతికాడు. విచారణకి వచ్చినవాళ్ళు రోడ్డు తడిగా ఉందన్నారు. ఎందుకు విరిగిందో మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. అందరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. అదే వాళ్ళ పశ్చాత్తాపం.

*

కుర్చీ సంగతి ఒక పొరపాటు వల్ల తెలిసింది.

డ్రైవర్ల అలసట తగ్గించే సీటు కోసం నేను ఒక కుర్చీ తయారు చేస్తున్నాను. దాని కింద, వెనక, చేతుల కింద వణికించే చిన్న షేకర్లు ఉంటాయి. సీటు మీద గుండ్రటి రబ్బరు బిళ్ళలో సెన్సార్ ఉంటుంది. మనిషి దాని మీద కూర్చుంటాడు. మేం దాన్ని అప్పడం అంటాం. మనిషి ఎంత కదలకుండా కూర్చున్నా శరీరం సన్నగా వణుకుతూనే ఉంటుంది. కంటికి కనిపించదు, అప్పడానికి తెలుస్తుంది. అలసిన శరీరం ఒకలా వణుకుతుంది, హాయిగా ఉన్న శరీరం ఒకలా. హాయిగా కూర్చున్నవాళ్ళ వణుకుని రికార్డు చేసి, అలసినవాళ్ళ కిందనుంచి అందిస్తే ఏమవుతుందో చూడాలని నా ఆలోచన.

ఆ రోజు మా టెక్నీషియన్ సింహాచలం కుర్చీలో ఉన్నాడు. నేను ఫైలు నొక్కాను. కాసేపటికి అతని మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి.

"ఏటి మేడమ్ ఇది? నవ్వొచ్చేస్తంది!"

"దేనికి?"

"నాకేటి తెలుసు! కడుపులోంచి వచ్చేస్తంది. ఆపండి, ఆపండి మేడమ్... ఆఫీసులో ఇలగ నవ్వితే ఉజ్జోగం ఊడిపోద్ది!"

ఆపాను. అతను తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతున్నాడు. దేని గురించి నవ్వాడో వెతుక్కుని, చివరికి పెళ్ళిలో తన బావమరిది పీట మీంచి పడ్డ సంగతి గుర్తొచ్చిందన్నాడు. మొదట అది గుర్తు రాలేదట. నవ్వు వచ్చాకే గుర్తొచ్చిందట.

ఫైలు చూశాను. నేను పెట్టాలనుకున్నది కాదు. ఎప్పుడో అప్పడం మీద కూర్చుని ఫోనులో ఏదో చదువుతూ హారిక పగలబడి నవ్వినప్పటిది.

సింహాచలం నా ముఖం చూసి తగ్గాడు. "అలగ భుజాలెగరేసి నవ్వేది హారికమ్మ కదండీ," అన్నాడు మెల్లగా.

భయం వేస్తే వణుకుతాం అనుకుంటాం. ఆ మధ్యాహ్నం నాకు అర్థమైంది వేరు. మనసు గుడ్డిది. లోపల కూర్చుని, శరీరం ఏం చేస్తోందో తడిమి చూసి, ఓహో నవ్వుతున్నాను కాబోలు, ఓహో భయపడుతున్నాను కాబోలు అని తెలుసుకుంటుంది. కారణాలు ఆ తర్వాత వెతుక్కుంటుంది. శరీరాన్ని ఇంకొకరిలా వణికిస్తే, మనసు ఆ ఇంకొకరి భయాన్ని తనదే అనుకుంటుంది.

ఘాట్ రోడ్డు మీద కూడా హారిక అప్పడం మీదే కూర్చుంది. లోయలోంచి తీసిన రికార్డర్ పెట్టెలో ఆమె వణుకు రికార్డు చెక్కుచెదరకుండా ఉంది.

*

ఆ రికార్డులో బస్సు ఉంది, ఆమె ఉంది. బస్సు నేల మీద ఇంకో సెన్సార్ ఉంది. నేల కదిలితే సీటు ఎంత కదలాలో లెక్క కట్టగలం. బస్సు నుంచి వచ్చినదాన్ని తీసేస్తే మిగిలేది మనిషి.

మిగిలినదాన్ని కుర్చీకి ఇస్తే సరిపోదు. మా బల్లలన్నిటికీ ఉన్న గుణం అది. పైన బరువు పెట్టగానే చెప్పినట్టు వినవు. బరువు కూడా యంత్రంలో భాగమైపోతుంది. అందుకని ఒకసారి ఊపి, పైన ఏం పుట్టిందో కొలిచి, తేడా సరిచేసి, మళ్ళీ ఊపుతాం. అసలుకీ నకలుకీ తేడా పోయేదాకా అలా చేస్తూనే ఉంటాం. దానికి కుర్చీలో ఒక శరీరం కావాలి. సింహాచలాన్ని కూర్చోబెట్టలేను. నేనే కూర్చున్నాను.

మొదట్లో వాంతి వచ్చినట్టుండేది, అంతే. సరిచేస్తున్న కొద్దీ అది వికారంగా ఉండడం మానేసి భయంగా మారింది. పొత్తికడుపులోంచి వచ్చేది. నాది కాదని తెలుసు, అయినా నా మనసు దానికి కారణాలు కల్పించేది. గ్యాసు కట్టెయ్యడం మరిచిపోయాను. అమ్మ బాత్రూములో జారిపడింది. ఎవరో నా వెనక నిలబడ్డారు. ప్రతి మలుపుకి ముందు తొడలు బిగుసుకునేవి. ఒక మలుపు దగ్గర మాత్రం బిగుసుకుని ఇక వదిలేవి కావు. బ్రేకు లేదని డ్రైవర్ అరిచింది అక్కడే అయి ఉండాలి.

ప్రతిసారీ దిగి, నీళ్ళు తాగి, తేడా సరిచేసి, మళ్ళీ ఎక్కేదాన్ని. హింసించుకుంటున్నానని అనుకోలేదు. కత్తి నూరుతున్నాననుకున్నాను.

ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్ను అదోలా చూడసాగింది.

"ఏవిటే అలా కూర్చున్నావు?"

"ఎలా?"

"ఓ కాలు మడిచి, ఇంకోటి ఊపుతూ. అది కూర్చున్నట్టు."

కాలు దించబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఉండనీ. ఇంకాసేపు అలాగే ఉండవే నవనీతా."

నేను అలాగే ఉన్నాను. నా శరీరం నా ఒక్కదానిదే కాదని తెలిసింది. నాకు బెదురు కలగలేదు, అసూయ కలిగింది. నేను నాలా కూర్చున్నప్పుడు ఆమె ఎప్పుడూ నా మోకాలు పట్టుకోలేదు.

"ఆ కుర్చీలో మన హారిక తెలుస్తుందట, సింహాచలం చెప్పేడు," అంది అమ్మ. "నన్నోసారి కూర్చోబెట్టవే."

"నీ గుండెకి అది పడదమ్మా."

"పడకపోతే పోనీ. కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది నాకు. చివర్న భయపడిందా, నన్ను పిలిచిందా, ఎంతసేపు పిలిచింది... ఆయన బాధ లేదన్నాడు. ఆయన చూసేడా? నువ్వు చూసేవా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు, నేను పడుకుంటాను."

"ఇంకా పూర్తి కాలేదు," అన్నాను. అది నిజమే.

*

పూర్తయిన రోజున, అసలుకీ నకలుకీ తేడా పోయిన రోజున, చివర్లో ఒక కొత్త సంగతి తెలిసింది. అంతవరకూ నా కొలతల రొదలో అది మునిగిపోయి ఉంది.

చివర్లో హారిక వణకడం మానేసింది.

బస్సు అప్పటికి రోడ్డు వదిలి గాలిలో ఉంది. ఆమె బతికే ఉంది. శ్వాస ఉంది, గుండె ఉంది, రెండూ అప్పడానికి తెలుస్తున్నాయి. తొడలు వదులయ్యాయి. శ్వాస పొడుగైంది. రోజంతా గదిలో తిరుగుతున్న ఫ్యాను ఆగితే, అది అంతవరకూ చప్పుడు చేస్తోందని అప్పుడు తెలుస్తుందే, అలా. నా మనసు ఎప్పటిలాగే కారణం వెతికింది. ఏ కారణమూ దొరకలేదు, అయినా నెమ్మదిగానే ఉంది. ఆ నెమ్మదిలోనే రికార్డు ముగిసింది.

దిగి, నేల మీద కూర్చుని ఏడ్చాను. అమ్మకి చెప్పాలనుకున్నాను. బ్యాగు తీసుకుని గేటు దాకా వెళ్ళాను.

గేటు దగ్గర ఆగిపోయాను. బాధ లేకుండా వెళ్ళిపోయిందన్న ఆయన మాట నిజమైంది. మజ్జిగ తాగుతూ, ఏమీ తెలియకుండా, చాప మీద కూర్చుని ఆయన ఊరికే అన్న మాట నిజమైంది. ఈ సంగతి చెబితే అమ్మ నిద్రపోతుంది. పొద్దున్నే లేచి ఆయనకి ఫోను చేసి, నీ నోటి చలవ బాబూ, నువ్వన్నట్టే పోయింది నా పిల్ల అంటుంది. ఆయన ఆ రాత్రి నుంచి హాయిగా పడుకుంటాడు.

వెనక్కి వెళ్ళాను. ఆ నెమ్మదిని మాత్రం విడిగా కోసి అమ్మకి ఇవ్వగలనా అని చూశాను. విడిగా పెడితే కుర్చీ కదలనే లేదు. భయాన్ని దాటి వచ్చిన శరీరానికి తప్ప అది ఏమీ కాదు, వట్టి గీత. అప్పుడు రెండో పని చేశాను. నెమ్మది మొదలయ్యే చోట కత్తిరించాను. భయం శిఖరానికి చేరి, అక్కడే ఆగిపోయేలా.

*

డ్రైవర్ సీటు సిద్ధమైంది, ఒకసారి మీరే చూడాలి అని త్రినాథ్ గారిని పిలిచాను. ఆయన మంచి ఇంజనీరు. అది నాకు ఉపయోగపడింది. కొత్త శరీరానికి మళ్ళీ మొదటినుంచి సరిచెయ్యాలని నేను చెప్పనక్కర్లేదు. ఆయనే చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు.

"నా బరువుకి నీ కుర్చీ తట్టుకుంటుందా? ఈమధ్య మా ఆవిడ గుమ్మడికాయ అంటోంది."

"తట్టుకుంటుంది సార్."

"పావు లెవెల్‌తో మొదలుపెట్టు. తొందరపడకు. ముందు నన్ను కొలుచుకో."

కొలుచుకున్నాను. ఎర్ర స్టాప్ బటన్ ఆయన చేతికి ఇచ్చాను. మనిషిని కుర్చీలో కూర్చోబెడితే బటన్ అతని చేతిలోనే ఉండాలన్నది ఆయన పెట్టిన నియమమే.

పావు లెవెల్‌లో ఆయన ఏదో బస్సులో ఉన్నట్టుందన్నారు. సరిచేశాను. సగంలో కబుర్లు ఆపేశారు. నుదురు తుడుచుకున్నారు. "ఏసీ తగ్గించావా?" అని అడిగారు. సరిచేశాను.

"దించేద్దామా సార్?"

"ఎందుకు? తేడా ఇంకా ఉంది కదా. ఫుల్ లెవెల్‌కి వెళ్ళు."

వెళ్ళాను. నేను స్క్రీన్ చూడలేదు. ఆయన ముఖం చూశాను. ఆ ముఖం కోసమే అన్నాళ్ళూ బతికాను. తొడలు బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి. ఎడమకి, కుడికి. ఆ రోడ్డు మీద ఎన్నో బస్సులని పరీక్షించిన మనిషి ఆయన. మలుపులు ఆయన శరీరానికి తెలుసు. ఒకచోట కళ్ళు తెరిచి నన్ను చూశారు.

"నవనీతా, ఇది ఘాట్ రోడ్డు."

నేను లెవెల్ తగ్గించలేదు.

"ఇది హారిక."

బటన్ ఆయన చేతిలోనే ఉంది. బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కుతారనుకున్నాను. నొక్కితే నా పగ సగంలో పోతుందని నాకు దడ పుట్టింది. నొక్కలేదు. పళ్ళు బిగించి, కన్నీళ్ళు కారుతుంటే, చివరిదాకా వెళ్ళాలని కూర్చున్నారు. చివర ఏముందో ఆయనకి కావాలి. అది నాకు అప్పుడే తెలిసింది. చాప మీద కూర్చుని అన్న ఆ మాటని ఆయన ఒక్క రోజు కూడా నమ్మలేదు.

నేను కత్తిరించిన చోట కుర్చీ ఆగిపోయింది. ఆయన ఆగలేదు. కుర్చీ నిశ్చలంగా ఉంది, దాని మీద ఆయన వణుకుతూనే ఉన్నారు.

"తర్వాత? తర్వాత ఏమైందమ్మా?"

"తెలీదు సార్. అంతవరకే ఉంది."

*

ఆ వణుకు ఆయన్ని వదల్లేదు. చివర లేని భయం చివర వెతుక్కుంటూ తిరుగుతుంది. డాక్టర్లు నరాలు చూశారు, తల స్కాన్ చేశారు, ఏమీ లేదన్నారు. ఆయన ఆఫీసుకి రావడం మానేశారు.

"సారు సంతకం పెట్టలేకపోతన్నారంట మేడమ్," అన్నాడు సింహాచలం. "పెన్నట్టుకుంటే కాయితం మీద తబలా వాయించినట్టే ఉందంట." నవ్వబోయి, నన్ను చూసి, మింగేశాడు.

నేను సంతోషించాను. ఆ మాటని మెత్తగా చెప్పలేను. పొద్దున లేవగానే మొదట గుర్తొచ్చేది ఆ చేతులే. అవి ఇప్పుడు కూడా వణుకుతూ ఉంటాయి అనుకుని కాఫీ కలుపుకునేదాన్ని. అమ్మ తన గదిలో కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండేది. "పూర్తయిందా?" అని రోజూ అడిగేది. "లేదమ్మా," అనేదాన్ని.

ఒక ఆదివారం ఉదయం ఆయన మా ఇంటికి వచ్చారు. చిక్కిపోయారు. అమ్మ కుర్చీ చూపించినా కూర్చోలేదు, నిలబడే చెప్పారు. బ్రాకెట్ పగిలిందని చెప్పారు. బల్ల బలం తగ్గించమన్నది తనేనని చెప్పారు. తడి రోడ్డు అబద్ధమని చెప్పారు. "పోలీసులకి కూడా రేపు ఇదే చెబుతాను. ముందు మీకు చెప్పాలనిపించింది," అన్నారు. నేను కోరుకున్న ప్రతి మాటా ఆయన నోటినుంచి వచ్చింది. అమ్మ వినలేదు. ఆమె చూపు ఆయన చేతుల మీదే ఉంది.

"ఎప్పట్నుంచీ నాయనా ఇలా?"

"నవనీత కుర్చీలో కూర్చున్నప్పట్నుంచమ్మా. ఇది నా వణుకు కాదు. మీ చిన్నమ్మాయిది."

అమ్మ నా వైపు తిరిగింది. అబద్ధం చెప్పడానికి నాకు వ్యవధి ఇవ్వలేదు.

"అయితే పూర్తయింది."

"అయిందమ్మా."

"చెప్పు. చివరిదాకా ఇలాగే వణికిందా నా పిల్ల?"

ఆయన కూడా నన్నే చూస్తున్నారు. ఇద్దరి కళ్ళలోనూ ఒకే ప్రశ్న. లేదమ్మా, చివర్న నెమ్మదించింది. అంతే, ఒక్క వాక్యం. దానితో అమ్మ ఆ రాత్రి నిద్రపోతుంది. అదే వాక్యంతో ఆయన చేతులు ఆగిపోతాయి. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకుండా ఉండే దారి కోసం వెతికాను. లేదు. ఆయన చేతుల వైపు చూశాను, అవి ఆగిపోయినట్టు ఊహించుకున్నాను. భరించలేకపోయాను.

"అవునమ్మా," అన్నాను. "చివరిదాకా."

అమ్మ పడిపోతుందనుకుని ముందుకి వెళ్ళాను. పడలేదు. లేచి, నన్ను దాటి వెళ్ళి, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. మొదట ఆపడానికి పట్టుకుందనుకున్నాను. కాదు. పసిబిడ్డ నాడి చూస్తున్నట్టు వదులుగా పట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని, ఆ వణుకుని వింటోంది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. హారిక పోయిన తర్వాత ఆ ముఖం అంత దగ్గరగా దేనికీ వెళ్ళలేదు.

"ఇదే," అంది. "దానికి జ్వరమొచ్చినా ఇలాగే సన్నగా వణికేది. ఇది దానిదే."

ఆయన ఏడుస్తున్నారు. చేతులు వెనక్కి తీసుకోబోతే అమ్మ వదల్లేదు.

ఇప్పుడు చెప్పాలనిపించింది నాకు. చెబితే ఆ చేతులు ఆగిపోతాయి, అమ్మ చేతుల్లోంచి హారిక రెండోసారి పోతుంది. నేను నోరు మూసుకుని, ఆ ఇద్దరికీ దూరంగా, గోడకి ఆనుకుని నిలబడ్డాను. నన్ను ఎవరూ చూడలేదు.

"రేపు పోలీసుల దగ్గరికి పోకు బాబూ," అంది అమ్మ. "నిన్నక్కడ ఉంచేస్తే నేనెక్కడికి రాను? ఇక్కడికే వస్తూండు. రోజూ వస్తావా?"

ఆయన నన్ను చూశారు, అనుమతి కోసమో, క్షమ కోసమో. తర్వాత అమ్మని చూశారు.

"వస్తానమ్మా."

"కాఫీ పెట్టవే నవనీతా," అంది అమ్మ, తల తిప్పకుండానే. "పెద్ద గ్లాసులో సగానికి పొయ్యి. నేను పట్టిస్తాను."

నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను.